దొంగ చలిమిడి సరే, దొంగ పరీక్ష ఏది?

పోయిన నెల మా వీధిలో ఒక సీమంతానికి వెళ్ళొచ్చాను. ఏడో నెల. పిల్ల చక్కగా పట్టుచీర కట్టుకుని, మోచేతులదాకా గాజులేసుకుని, జడనిండా పూలతో కుర్చీలో కూర్చుంది. ఎదురుగా పళ్ళేలు. ఊరికే ఉండలేక లెక్కపెట్టాను, ఇరవై ఒకటి. సున్నుండలు, కజ్జికాయలు, అరిసెలు, కాజాలు, పళ్ళు, చలిమిడి... పక్కన కూర్చున్న పిన్నిగారు ఏ స్వీటు ఏ ఊరినుంచి తెప్పించారో, పూల డెకరేషనుకి ఎంతయిందో, ఫొటోలతనికి ఎంతిచ్చారో పైసాతో సహా చెప్పారు.

నేను వెళ్ళి అక్షింతలు వేసి, గంధం రాసి, పిల్ల మొహంలోకి చూశాను. పసుపు రాసినా, పౌడరు రాసినా కళ్ళ కింద పాలిపోయినట్టు తెలుస్తూనే ఉంది. "రక్తం ఎంతుందన్నారమ్మా?" అని నెమ్మదిగా అడిగాను. పిల్ల అత్తగారి వంక చూసింది. అత్తగారు వియ్యపురాలి వంక చూసింది. వియ్యపురాలు నా వంక చూసి నవ్వింది. "ఐదో నెల్లో ఒకసారి చూపించామండీ, అంతా బాగానే ఉందన్నారు. మళ్ళీ రమ్మన్నారనుకోండి, ఈ హడావుడి అయ్యాక వెళ్దామని..."

ఐదో నెల్లో ఒకసారి డాక్టరు దగ్గరికి. ఏడో నెల్లో ఇరవై ఒక్క పళ్ళేలు!

భోజనం చేసి తాంబూలం తీసుకుని ఇంటికొచ్చాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల మొహం చూస్తే నాకు ఇంకో పిల్ల గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే నాకే సిగ్గుచేటు. అందుకని ముందు అదే చెప్పేస్తాను.

మూడేళ్ళ క్రితం మా ఇంట్లో ఒక అమ్మాయి పనిచేసేది. పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, ఇంకో రెండిళ్ళకి వెళ్ళేది. ఒకరోజు, "అమ్మగారూ, మంగళవారం రానండీ, ఆసుపత్రికెళ్ళాలి" అంది. "ఏమైందే?" అంటే, "ఏం లేదండీ, నీరసంగా ఉంటంది" అంది. ఆ వారం మా ఆడపడుచుగారి కుటుంబం వస్తున్నారు. "ఈ వారం కాకుండా వచ్చే వారం వెళ్ళమ్మా, ఇంటినిండా జనం" అన్నాను. అలాగేనండీ అంది. వచ్చే వారం ఏదో పండగ. ఆ పై వారం ఏమైందో నాకు గుర్తు లేదు, ఆ అమ్మాయి మళ్ళీ అడగలేదు. నేనూ అడగలేదు.

అప్పటికే ఆ అమ్మాయికి మూడో నెల. వాళ్ళత్త, "ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకు, దిష్టి తగుల్తది" అందట. అందుకని నాకు నీరసం అని చెప్పింది. ఆరో నెల్లో గానీ నాకు తెలియలేదు. ఏడో నెల్లో మా వరండాలోనే కళ్ళు తిరిగి కూర్చుండిపోతే ఆటోలో తీసుకెళ్ళాం. రక్తం 6.4 ఉందన్నారు. ఏడు లోపు ఉంటే చాలా ప్రమాదమట. అక్కడినుంచి పెద్దాసుపత్రికి పంపారు, రక్తం ఎక్కించారు. నెల తక్కువగా కాన్పు అయింది. బిడ్డ 1,700 గ్రాములు. ఇరవై రోజులు గాజు పెట్టెలో పెట్టారు. తల్లి కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండేది.

ఇద్దరూ బతికారు. దేవుడి దయ. కానీ అక్కడి డాక్టరమ్మ కేసు షీటు చూస్తూ అన్న మాట నేను మర్చిపోలేను. "మూడో నెల్లోనే వచ్చి ఉంటే ఇదంతా మాత్రలతో పోయేదమ్మా" అంది. ఆ మాట అత్తతో అంది, నాతో కాదు. నాకు మాత్రం నాతోనే అన్నట్టుంది. ఆ మంగళవారం ఆపింది ఎవరు? దిష్టి పేరు చెప్పి వాళ్ళత్త ఒక చేత్తో ఆపితే, చుట్టాల పేరు చెప్పి నేను ఇంకో చేత్తో ఆపాను.

అందుకే నేనంటున్నాను. గర్భిణి ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చిందంటే, ఆ పిల్లకి తెలివి లేక కాదు, భయం లేక కాదు. మనం పంపక. మనం అంటే అత్తలం, తల్లులం, వదినలం, పనిచ్చే అమ్మగార్లం. ఆ గుమ్మం దాటాలంటే ఆ పిల్లకి ఎవరో ఒకరు సరేననాలి. ఆ సరే అనేది ఎక్కువ ఇళ్ళల్లో ఆడవాళ్ళమే.

"మగవాళ్ళని వదిలేసి మళ్ళీ ఆడవాళ్ళ మీదే పడ్డావేం?" అంటారా? వదల్లేదండీ. పెళ్ళాన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని సినిమాకి వెళ్ళే మగాడు ఆసుపత్రికి వచ్చేసరికి "అమ్మతో వెళ్ళు" అంటాడు, వాడి సంగతి వేరే రోజు రాస్తాను. కానీ వాడు అమ్మతో వెళ్ళమన్నాక ఆ అమ్మ ఏం చేస్తోంది అన్నది నా ప్రశ్న.

మన దగ్గర ఒక మాట ఉంది, "మూడో నెల నిండేదాకా బయటపెట్టకూడదు" అని. దీన్ని నేను వెక్కిరించను. మొదటి మూడు నెలల్లో గర్భం నిలవకపోవడం చాలామందికి జరుగుతుంది. పదిమందికీ చెప్పుకుని, తర్వాత పదిమందికీ సమాధానం చెప్పుకోవడం ఆ పిల్లకి ఎంత కష్టమో మన పెద్దవాళ్ళకి తెలుసు. అందుకే చెప్పొద్దన్నారు. మంచిదే. పక్కింటావిడకి చెప్పొద్దు. పెళ్ళిలో కలిసిన చుట్టాలకి చెప్పొద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే చెప్పొద్దు. డాక్టరుకి చెప్పొద్దని మాత్రం ఏ పెద్దలూ అనలేదు! "చెప్పకు" అన్న మాట మన నోళ్ళల్లో పడి "వెళ్ళకు" అయి కూర్చుంది.

మా గోదావరి వైపు దొంగ చలిమిడి అని ఒక ముచ్చట ఉంది. మూడో నెల్లో, ఇంకా ఎవరికీ తెలియకముందే, తల్లి ఇంట్లో చలిమిడి చేసి, గుట్టుగా తీసుకెళ్ళి కూతురికి పెట్టి వస్తుంది. మేళాలు ఉండవు, పేరంటం ఉండదు. కడుపు చలవ కోసం అంటారు. మా అమ్మ నాకు పెట్టింది, నేను మా అమ్మాయికి పెట్టాను. అంటే ఎవరికీ తెలియకుండా కూతురి కడుపు కనిపెట్టుకుని ఉండడం మనకి తెలియని విద్య కాదు. చలిమిడి గుట్టుగా పెట్టగలిగినవాళ్ళం, పిల్లని గుట్టుగా రక్తపరీక్షకి తీసుకెళ్ళలేమా? దొంగ చలిమిడి ఉన్న చోట దొంగ పరీక్ష ఉంటే ఏ దేవుడికి కోపం వస్తుంది?

ఇంతకీ ఆ మొదటి మూడు నెలల్లో అంత కొంపలు మునిగేది ఏముంది అంటారు చాలామంది. ఏముందో నేను తర్వాత తెలుసుకున్నాను. బిడ్డ మెదడూ వెన్నుపామూ తయారయ్యే భాగం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది. నెల తప్పిందా, ఆలస్యమైందా అని మనం ఇంకా వేళ్ళమీద లెక్కపెట్టుకునే రోజుల్లోనే ఆ పని అయిపోతుంది. అది సరిగ్గా జరగడానికే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. అసలు పిల్లలు కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టమంటారు. ఐదో నెల్లో వెళ్ళి ఆ మాత్ర తెచ్చుకుంటే, వాన వెలిశాక గొడుగు కొనుక్కున్నట్టే.

బీపీ సంగతి చూడండి. గర్భం వల్ల వచ్చే బీపీ మామూలుగా ఐదో నెల దాటాక బయటపడుతుంది. అప్పుడు మొదటిసారి వెళ్తే, ఇది కొత్తగా వచ్చిందా, ముందునుంచీ ఉందా అని డాక్టరుకి ఎలా తెలుస్తుంది? మన ఇళ్ళల్లో పెళ్ళి కాని పిల్లకి బీపీ చూపించే అలవాటు ఎక్కడుంది? మొదటి నెలల్లో రాసిపెట్టిన అంకె ఉంటేనే తర్వాతి అంకెకి అర్థం. షుగరూ అంతే, మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి చూడాలి. థైరాయిడ్ కూడా ముందే తెలిస్తే మందుతో పోతుంది. రక్తం గ్రూపు నెగెటివ్ అయిన తల్లికి, తండ్రిది పాజిటివ్ అయితే, 28 వారాలప్పుడు ఒక ఇంజెక్షను ఉంటుంది. పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంకొకటి. గ్రూపే తెలియకపోతే ఇంజెక్షను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇక నెలల లెక్క. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగులో నెలలు కచ్చితంగా తెలుస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ అది అంచనాయే. చివర్లో "నెలలు నిండాయా, లేదా?" అని కొట్టుకునేది ఇందుకే.

నాకు ఒకటి చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మన వంటింటి గోడమీద తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా. పాలు రాని రోజు అందులో రాస్తాం. గ్యాస్ బండ వచ్చిన తేదీ రాస్తాం. పనమ్మాయి నాగా పెట్టిన రోజులైతే ఎర్ర పెన్నుతో చుడతాం! కోడలికి ఆఖరిసారి నెలసరి వచ్చిన తేదీ మాత్రం ఎక్కడా ఉండదు. డాక్టరమ్మ మొట్టమొదట అడిగేది ఆ తేదీయే. "సంక్రాంతికి ముందండీ... కాదు కాదు, తర్వాతండీ" అంటాం.

అదే కాన్పు రోజుకి వచ్చేసరికి మన లెక్కలు చూడాలి! తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ చూసి, ఉదయం తొమ్మిది గంటల పదకొండు నిమిషాలకి కొయ్యమంటాం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే అని తేలింది. ఆంధ్రాలో 42. అవసరమైన ఆపరేషను ప్రాణం కాపాడుతుంది, దాన్ని నేనేమీ అనను. కానీ పుట్టే క్షణానికి ముహూర్తం చూసుకునే మనం, మొదటి పరీక్షకి ఒక తేదీ పెట్టుకోలేమా?

అదే సర్వే చెప్పిన ఇంకొన్ని మాటలు వినండి. దేశం మొత్తం మీద మొదటి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్న తల్లులు నూటికి 70 మంది. కనీసం నాలుగుసార్లు చేయించుకున్నవాళ్ళు 58 మంది. ఐరన్ మాత్రలు వంద రోజులైనా మింగినవాళ్ళు 44 మందే. ఇచ్చేది 180 రోజులకి! గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి మొత్తం ఎనిమిది సార్లు చూపించుకోవాలనీ, మొదటిది పన్నెండు వారాల్లోపే ఉండాలనీ చెప్తోంది. మనం నాలుగుకే ఆపసోపాలు పడుతున్నాం.

ఈ మాటలు ఇంట్లో ఎత్తితే చాలు, పెద్దవాళ్ళు ఒక బాణం వేస్తారు. "మా రోజుల్లో ఏ డాక్టర్లున్నారే? పదేసిమందిని కనలేదా?" అని. కన్నారు. మా నాయనమ్మ పదకొండుమందిని కంది. మిగిలింది ఆరుగురు. మా తాతయ్యకి ఆవిడ రెండో భార్య. మొదటావిడ తొలి కాన్పులోనే పోయింది. ఆవిడ పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, "పురిట్లో పోయినావిడ" అనే అంటారు. మీ ఇళ్ళల్లో కూడా అడిగి చూడండి, రెండు తరాలు వెనక్కి వెళ్తే ఒక పురిట్లో పోయినావిడ ఉంటుంది. బతికి బట్టకట్టినవాళ్ళు "మాకేం కాలేదు" అంటారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా!

ఆ రోజులు పోయాయంటే ఊరికే పోలేదు. 2018-20 లెక్కల్లో లక్షమంది బిడ్డలు పుడితే దేశంలో 97 మంది తల్లులు చనిపోయారు, ఆంధ్రాలో 45, తెలంగాణలో 43. మనం దేశం కంటే నయం. ఆ నయం అనేది ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగితే వచ్చింది. అంతకు ఎంతో ముందే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు మన ఇల్లాళ్ళ కోసం 'ప్రసూతి - శిశుపోషణ' అని తెలుగులో పుస్తకం రాశారు. ఆవిడ 1957లో విజయవాడ నుంచి పార్లమెంటుకి కూడా గెలిచారు. అంత పెద్ద డాక్టరు కూర్చుని మన భాషలో మనకి అర్థమయ్యేట్టు రాసిందంటే, అసలు పని ఆసుపత్రిలో కాదు, ఇంట్లో మొదలవ్వాలని తెలిసే కదా.

ఇంకో బాణం ఐరన్ మాత్రల మీద. "వేడి చేస్తాయి", "బిడ్డ నల్లగా పుడతాడు", "బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది". బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది గానీ మాత్ర నుంచి రాదు. మాత్ర వేసుకుంటే విరోచనం నల్లగా అవుతుంది, అది మామూలే. వికారం వస్తే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టీ కాఫీలతో వేసుకోకూడదు, నిమ్మరసంతో అయితే మంచిది. కాల్షియం మాత్రా ఇదీ ఒకేసారి మింగకూడదు. ఈ నాలుగు మాటలు చెప్పేవాళ్ళు లేకనే ఎంతోమంది పిల్లలు మాత్రలు తెచ్చుకుని బియ్యం డబ్బా వెనక దాస్తున్నారు. స్కానింగు మీద కూడా ఇలాంటి భయమే. అది ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగాలతో తీసేది. డాక్టరు రాసినప్పుడు తీయించుకోవడానికి భయం అక్కర్లేదు. ఆడా మగా అడగడానికి మాత్రం కాదు, అది 1994 చట్టం ప్రకారం నేరం. చెప్పమని అడిగినా నేరమే.

అన్నీ మన తప్పులే అని నేననను. కూలికెళ్ళే ఆడమనిషి పరీక్షకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఆటో ఖర్చు మీద పడుతుంది. పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకుని, నాలుగు గంటలు నిలబడి, రక్తం ఇచ్చి, రిపోర్టుకి రేపు రమ్మంటే మళ్ళీ ఇంకో కూలి. పైగా కసురుళ్ళు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్?" అని అందరిముందూ అరిస్తే, ఆలస్యంగానైనా వచ్చిన ఆ పిల్ల వచ్చే నెల వస్తుందా? ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగో నెల దాటినవాళ్ళకి డాక్టర్లు ఉచితంగా చూస్తారు. 2016 నుంచీ ఉంది. మంచి ఏర్పాటే, కానీ ఆ రోజు జాతరే. కూర్చోవడానికి బల్లలు, తాగడానికి నీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నాయా అని అడగాల్సిందే. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకి 5,000 రూపాయలు ఇస్తారు. మొదటి విడతకి పెట్టిన షరతు ఏమిటో తెలుసా? ఆరు నెలల్లోపు ఒక్క పరీక్షైనా చేయించుకుని ఉండాలని! మూడు నెలల్లోపు రావాలని గోడలమీద రాసేదీ వాళ్ళే, డబ్బు దగ్గర ఆరు నెలలు చాలనేదీ వాళ్ళే.

ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. కొంతమంది పిల్లలు గర్భాన్ని దాచేది దిష్టికి భయపడి కాదు, ఆధార్ కార్డులో వయసు చూస్తారని. ఆంధ్రాలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని ఆ సర్వేయే చెప్పింది. తెలంగాణలో 23. పదహారేళ్ళ పిల్లకి పెళ్ళి చేసి, కడుపొచ్చాక పోలీసులకి భయపడి ఆసుపత్రికి పంపకుండా ఇంట్లో కూర్చోబెడితే, అందరికంటే ఎక్కువ ప్రమాదం ఉన్న పిల్లకి అందరికంటే తక్కువ వైద్యం అందుతోంది. అక్కడ చేయాల్సింది మొదట ఆ పెళ్ళి ఆపడం. ఆపలేకపోతే, కనీసం పిల్లని దాచకుండా ఉండడం. పెళ్ళి చేసింది పెద్దలు. కడుపులో బిడ్డతో శిక్ష అనుభవించేది ఆ పిల్ల.

చదువుకున్న ఇళ్ళూ ఏమీ తక్కువ తినలేదు. మా చుట్టాలమ్మాయి హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో కిట్టుతో చూసుకుని రెండు గీతలొచ్చాయని మొగుడికి చెప్పింది. డాక్టరు దగ్గరికి మాత్రం రెండు నెలల తర్వాత వెళ్ళింది. అడిగితే, "ఆఫీసులో ఇప్పుడే తెలిస్తే ప్రాజెక్టు ఇవ్వరు పిన్నీ, అందుకని మానేజరుకి చెప్పలేదు" అంది. మానేజరుకి చెప్పకపోతే పోయె, డాక్టరుకేమైంది? "సెలవు అడగాలి కదా" అంది. మా పనమ్మాయి మంగళవారం, ఈ అమ్మాయి సెలవు, రెండూ ఒకటే కదా! ఒకరికి అమ్మగారు, ఒకరికి మానేజరు, అంతే తేడా.

సరే, మరి మనం ఏం చేద్దాం? నేను మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి చెప్తాను. నచ్చితే మీరూ పెట్టుకోండి.

ఇంట్లో ఆడపిల్ల గానీ కోడలు గానీ నెల తప్పిన వారం దాటితే చాలు, ఎవరికీ చెప్పకుండానే పరీక్షకి వెళ్ళాలి. డబ్బున్నవాళ్ళు ప్రైవేటు డాక్టరు దగ్గరికి, లేనివాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. ఆశా కార్యకర్తకి ఒక్క మాట చెప్తే పేరు రాసుకుని తల్లీబిడ్డల కార్డు ఇప్పిస్తుంది. ఆ కార్డు బంగారం. తొలి కాన్పుకి పుట్టింటికి పంపేటప్పుడు చీరలూ సారెలూ సర్దుతాం కదా, ఆ సంచిలో అన్నిటికంటే పైన ఆ కార్డు, పాత రిపోర్టులు ఉండాలి. అత్తింట్లో ఆరు నెలలు, పుట్టింట్లో మూడు నెలలు అని గర్భాన్ని రెండుగా పంచుకుంటాం గానీ, రెండో ఇంటికి మొదటింటి కాగితాలు వెళ్ళవు. అక్కడ డాక్టరు మళ్ళీ ఓనమాలనుంచి మొదలుపెడుతుంది.

కార్డు మీద అంకెలు అత్తగారికీ తెలియాలి, తల్లికీ తెలియాలి, మొగుడికీ తెలియాలి. రక్తం పదకొండు ఉందా? బీపీ ఎంత? గ్రూపేమిటి? మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు? వియ్యపురాళ్ళు ఫోన్లో పిండివంటల గురించి అరగంట మాట్లాడుకుంటారు. అందులో రెండు నిమిషాలు ఈ అంకెలకి ఇవ్వండి. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం వాపు, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దాం అనుకోకండి. నిమ్మకాయ తిప్పడం, ఉప్పు తీయడం తర్వాత. ముందు 108.

ఇక మన ఇంట్లో పనిచేసే అమ్మాయి, మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య, ఎదుటి స్థలంలో ఇల్లు కడుతున్న కూలివాళ్ళు. వాళ్ళు చాలావరకు సొంత ఊరు వదిలి వచ్చినవాళ్ళు. ఇక్కడ ఏ ఆశా కార్యకర్త తమది అని వాళ్ళకి తెలియదు, వాళ్ళు ఉన్నారని ఆమెకీ తెలియదు. ఆ ఇద్దరినీ కలపడానికి ఒక్క ఫోను చాలు. మన ఇంట్లో పనిచేసే పిల్లకి నెలకొక రోజు జీతం కోయకుండా ఆసుపత్రి సెలవు ఇద్దాం. ఆ రోజు గిన్నెలు మనమే తోముకుందాం. చేతులేమీ అరిగిపోవు. ఆ మంగళవారం మా చుట్టాల గిన్నెలు నేనే తోముకుని ఉంటే నాకు ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

సీమంతం పిల్ల సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు పొద్దున్నే వాళ్ళ అత్తగారి ఇంటికి వెళ్ళాను. "వదినగారూ, నిన్న పేరంటంలో అలా అడిగినందుకు ఏమీ అనుకోకండి, నా అనుభవం ఇది" అని మా పనమ్మాయి కథంతా చెప్పాను. ఆవిడ మొదట మొహం ముడుచుకుంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖర్న, "మా చెల్లెలు పురిట్లోనే పోయిందండీ" అంది. ఆ శుక్రవారమే కోడల్ని తీసుకెళ్ళింది. రక్తం 8.2 ఉందట. మందులు మొదలుపెట్టారు. పదిహేను రోజులకోసారి రమ్మన్నారు. కార్డు ఇప్పుడు వాళ్ళ దేవుడి గూట్లో ఉంది, అత్తగారే మాత్ర ఇచ్చి మింగేదాకా నిలబడుతోందట. చూడండి, ఆవిడ చెడ్డ అత్తగారు కాదు. ఎవరూ అడగలేదు, ఆవిడకి తోచలేదు. అంతే.

మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్ల ఒకరు ఉండే ఉంటారు. సీమంతానికి ఏం తీసుకెళ్దామా అని ఆలోచించేముందు, మొదటి పరీక్ష అయిందా అని అడగండి. గాజులు తొడిగే చేతులే పట్టుకుని తీసుకెళ్ళాలి. చలిమిడి ఆలస్యమైతే రుచి పోతుంది, అంతే కదా?